మీరడిగారు: కరణం పోయె, మాడ్యూల్ వచ్చె

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కోపమే. కొన్ని ప్రభుత్వం మీద, కొన్ని చుట్టాల మీద, ఒకటి నా మీద. అన్నిటికీ చోటు లేదు గనక అయిదు తీసుకున్నాను.

ప్రశ్న: రిటైరైన మాస్టారిని. నావి కాస్త పాతకాలపు ఆలోచనలే, ఒప్పుకుంటాను. అప్పు చేసి పప్పుకూడు తినకూడదు, బాగా నడుస్తున్నదాన్ని కెలక్కూడదు, అంతే నా రాజకీయం. మొన్న చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇప్పటి ప్రభుత్వం చేసిన ఒక పని బాగుందన్నాను, "పచ్చ బ్యాచ్" అన్నారు. వారం తిరక్కుండానే, పింఛన్లు ఇంటికి తెచ్చివ్వడం పాత ప్రభుత్వం బాగానే చేసిందన్నాను, "పేటీఎం బ్యాచ్" అన్నారు. చివరికి సొంత మేనల్లుడే గ్రూపులోంచి తీసేశాడు. నా తప్పేమిటంటారు?
(ఒక పాఠకుడు, తెనాలి)

మాస్టారూ, ఒక్క వారంలో రెండు బ్యాచుల్లోనూ సీటు సంపాదించడం మాటలు కాదు, ముందు అభినందనలు. మన దగ్గర ఏమన్నాడని ఎవరూ అడగరండీ, ఎవరి మనిషని అడుగుతారు. ఇంటిపేరు, ఊరు, ఇంటికి ఏ పేపరు వస్తుంది, ఈ మూడూ తెలిస్తే చాలు, మీ అభిప్రాయం మీరు చెప్పకముందే వాళ్లు చెప్పేస్తారు. మీలాంటి వాళ్లతో వాళ్ల ఇబ్బంది ఏమిటంటే లెక్క కుదరదు. లెక్క కుదరని మనిషి ఎదురైతే తమ లెక్క సరిచూసుకోరు, మనిషినే తీసేస్తారు.

అలాగని మన పాతకాలపు వాళ్లమంతా శుద్ధపూసలం కాదు. సంప్రదాయం అంటే పక్కింటి అమ్మాయి ఏం కట్టుకుంది, ఎవరిని చేసుకుంది అనే కాపలా పనే అనుకునే వాళ్లు మన వైపు బోలెడు మంది. వాళ్ల నోటికి జడిసి కుర్రాళ్లు మన మాట మొత్తాన్నే కొట్టిపారేస్తే అందులో మన వాటా కూడా ఉంది.

ఇంకొకటి, గ్రూపులోంచి తీసేస్తే పోయేది సంక్రాంతి శుభాకాంక్షలు మాత్రమే, పోలీసు దాకా పోతేనే టెన్షన్. 2012లో బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబైలో ఈ బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక అమ్మాయినీ, లైక్ కొట్టినందుకు ఆమె స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. అప్పుడు వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. బాగుంది కదా, ఆరేళ్ల తర్వాత 2021లో చూస్తే చాలా రాష్ట్రాల్లో పోలీసులు ఇంకా అదే సెక్షన్ కింద కేసులు రాస్తున్నారు, కోర్టే విస్తుపోయింది. పడనివాణ్ని లోపలేయాలన్న ఉబలాటం ఒకటి, ఆ చట్టం బతికి ఉందో లేదో చూసుకునే ఓపిక కూడా లేకపోవడం ఇంకొకటి, రెండూ ఒకే స్టేషన్లో!

ప్రశ్న: మాకు మూడెకరాలుంటే ఆన్‌లైన్‌లో రెండే చూపిస్తోంది. ధరణి అన్నారు, ఇప్పుడు భూభారతి అంటున్నారు. పట్వారీ ఉన్నప్పుడు ఈ బాధ లేదని మా తాత అంటాడు. నిజమేనా? ప్రతి ప్రభుత్వమూ మొదటి నుంచి ఎందుకు మొదలుపెడుతుంది?
(ఒక రైతు కొడుకు, సిద్దిపేట జిల్లా)

మీ తాత చెప్పేది సగం నిజం. ఆ సగమే కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేనూ ఈ గానుగలో తిరిగినవాణ్నే.

మాది ఖమ్మం, అప్పటి కృష్ణా జిల్లాల సరిహద్దు ఊరు. వాగుకు అటు కరణం, మునసబు, ఇటు పట్వారీ, పటేల్. ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే లెక్కను అటు అడంగల్ అనేవారు, ఇటు పహాణీ. పేర్లు వేరైనా ఎర్ర గుడ్డలో కట్టిన కాగితాల మూట ఒకటే. ఎవరి గట్టు ఎక్కడుందో, ఏ చెలక ఎవరు దున్నుతున్నారో ఆ మూటలోనో ఆ మనిషి బుర్రలోనో ఉండేది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాలన్నీ ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. చేయాల్సిన పనే, కొడుకు పుట్టగానే కరణం అయిపోయే పద్ధతి ఎన్నాళ్లని ఉంచుతారు? కానీ ఆ మూటలు ఎవరు తీసుకోవాలి, ఎలా సరిచూడాలి అన్నది తర్వాత చూద్దాంలే అనుకున్నారు. కొన్ని ఊళ్లలో మూట ఆఫీసుకు చేరింది, కొన్ని ఊళ్లలో అటక మీదే ఉండిపోయింది.

ఆ పైన ఆ కుర్చీకి పేర్లు మారుతూ వచ్చి వీఆర్వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, దగ్గర ఆగాయి. వీఆర్వోలు లంచాలు తింటున్నారని 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థనే ఎత్తేసింది, సుమారు 5 వేల మంది. తిన్నవాళ్లు తిన్నారు, కాదనను. అయినా ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? అదే ఏడు అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకేసారి, ఒకే చోట, నిజంగానే మంచి ఆలోచన. రికార్డు శుభ్రంగా ఉన్నవాడికి గంటలో పని అయిపోయింది. రికార్డులో తప్పున్నవాడి సంగతే ఎవరూ ఆలోచించలేదు. 2017లో మొదలుపెట్టిన భూరికార్డుల ప్రక్షాళన హడావిడిగా ముగించి, తేలని భూముల్ని పార్ట్-బి అని పక్కన పెట్టేశారు. ఆ తప్పులన్నీ తీసుకెళ్లి కంప్యూటర్లో పోసి తాళం వేశారు.

మా నాన్న పోయాక విరాసత్ కోసం, అంటే వారసుడిగా నా పేరు ఎక్కించుకోవడానికి, వెళ్తే 2 ఎకరాల 10 గుంటలు కాస్తా 10 గుంటలైంది. ఆ 2 ఎక్కడ రాలిపోయిందో భగవంతుడికి తెలియాలి. ఆఫీసు పేరు ఎందుకులెండి, అక్కడి అధికారి మర్యాదస్తుడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి స్క్రీన్ నా వైపు తిప్పి, "తప్పు నాకూ కనిపిస్తోందండీ, దిద్దే ఆప్షన్ నాకు లేదు" అన్నాడు. దిద్దాల్సింది కలెక్టరు. కలెక్టరు దాకా వెళ్లాలంటే సరైన మాడ్యూల్లో, అంటే పోర్టల్లో ఒక్కో పనికి ఉండే ఒక్కో విభాగంలో, అర్జీ పెట్టాలి, ఆ మాడ్యూళ్లు ముప్పైకి పైనే. మొదటిసారి తప్పు మాడ్యూల్ అని రిజెక్ట్, కట్టిన ఫీజు కట్టినట్టే పోయింది. రెండోసారి ఆపరేటరు కుర్రాడు జాలిపడి బస్ టికెట్ వెనక మాడ్యూల్ నంబరు రాసిచ్చాడు. ఆ టికెట్ ఇప్పటికీ నా పర్సులో ఉంది. పదకొండు తిరుగుళ్లకు నా రెండెకరాలు నాకు దొరికాయి. పాత రోజుల్లో అయితే కరణంగారి అరుగు మీద కూర్చుని గొడవపడేవాణ్ని. మాడ్యూల్తో ఎట్లా గొడవపడతాం?

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. కింది స్థాయిలో దిద్దే అధికారం, పైకి అప్పీలు మళ్లీ పెట్టారు, ధరణి కంటే ఈ చట్టమే నయమనిపిస్తోంది నాకు. అసలు తమాషా సెప్టెంబరులో జరిగింది. ఊరికో మనిషి లేకపోతే కుదరదని గ్రామ పాలనాధికారులను వేశారు, ఎవరినయ్యా అంటే పరీక్ష పెట్టి మళ్లీ ఆ పాత వీఆర్వోలు, వాళ్ల కింది సహాయకులైన వీఆర్ఏలనే! ఎత్తేసి తలో శాఖకూ పంచిన మనుషుల్ని పిలిచి కొత్త పేరు పెట్టి మళ్లీ ఊళ్లకే పంపినట్టయింది. ఈ అయిదేళ్లలో మీ తాతలాంటి వాళ్లు అరగదీసిన చెప్పుల లెక్క ఏ పోర్టల్లోనూ లేదు.

ఏపీ వాళ్లు నవ్వనక్కర్లేదు. భూమి హక్కుల చట్టం 2022లో చేసి, 2023 అక్టోబరు 31 నుంచి అమలన్నారు, 2024లో కొత్త ప్రభుత్వం వస్తూనే రద్దు చేసింది. రైతు పాస్‌పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో వేసుకున్న ఘనత కూడా ఈ మధ్యలోదే. పొలం తాతది, పన్ను రైతుది, ఫొటో ఆయనది.

మీ ఎకరం సంగతి: పాత పహాణీల సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, అవి జతచేసి అర్జీ పెట్టండి, రసీదు లేకుండా మాత్రం కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు.

ప్రశ్న: మా పంచాయతీ ఆఫీసుకు ఎన్నిసార్లు రంగులేస్తారండీ? ఆ డబ్బెవరిది?
(ఒక గృహిణి, పాలకొల్లు)

మీదేనమ్మా. అధికార పార్టీ రంగులు తీసేయమని 2020 మార్చిలో హైకోర్టు చెబితే, తీయకుండా మట్టి రంగు ఒకటి అదనంగా చేర్చి, ఒక్కో రంగుకు ఒక్కో అర్థం చెబుతూ కొత్త జీవో ఇచ్చారు. దాన్నీ కొట్టేశారు. జూన్‌లో సుప్రీంకోర్టులోనూ చుక్కెదురయ్యాక గానీ సున్నం బకెట్టు బయటికి రాలేదు. మా బంధువుల ఊళ్లో ఆఫీసు గోడ కిటికీ కింద పెచ్చు లేచింది, గోటితో గీకితే తెలుపు కింద మట్టి రంగు, దాని కింద నీలం, ఇంకా కింద ఎప్పటిదో పసుపు. ఊరి చరిత్ర అంతా అక్కడే చదువుకోవచ్చు. హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో మార్చి 2024లో తిరగమార్చడం, 2019లో మూసిన అన్న క్యాంటీన్లు 2024లో మళ్లీ తెరవడం కూడా ఈ గోడ లెక్కే.

ప్రశ్న: ఇంత జరుగుతుంటే అధికార పార్టీ ఎమ్మెల్యేల్లో ఒక్కడైనా లేచి ఇది తప్పు అనడేం? చదువుకున్నవాళ్లే కదా?
(ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

అని చూడమనండి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. 1967 తర్వాత ఆయారాం గయారాంలు, అంటే పార్టీలు మార్చేవాళ్లు, ఎక్కువైతే తెచ్చిన మందు ఇది. ఆ జబ్బు పోయిందా అంటే, తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది ఒకేసారి విలీనమని చెప్పి టీఆర్ఎస్‌లోకి నడిచి వెళ్లారు. గుంపుగా దూకితే చట్టం ఏమీ అనదు, ఒక్కడు నిలబడి మనస్సాక్షి అంటే ఊరుకోదు. ఇక బల్లలు చరచడం తప్ప ఏం చేస్తారు?

ఎప్పుడూ ఇలాగే లేదు బాబూ. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది, అంటే రైతు తన చెక్కను అందరితో కలిపేయాలన్నమాట. నెహ్రూ అంతటివాడి మాట అది. యూపీ కాంగ్రెస్ నాయకుడు చరణ్ సింగ్ ఆ సభలోనే లేచి కాదన్నాడు, కాదని పార్టీలోనే ఉన్నాడు. మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా అయితే కాంగ్రెస్సే వదిలేసి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షుడయ్యారు. లైసెన్స్ పర్మిట్ రాజ్ అని ఇప్పుడు అందరూ అనే మాట రాజాజీదే. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి, తర్వాత కొన్నేళ్లకే కనుమరుగైంది, రంగాగారూ చివరికి కాంగ్రెస్‌కే తిరిగొచ్చారు, అదంతా వేరే కథ. ఆ సహకార వ్యవసాయం మాత్రం తీర్మానం కాగితం దాటి పెద్దగా ముందుకు పోలేదు. కాదన్నవాళ్లు ఉండబట్టే మీ తాతల గట్లు అలా మిగిలాయి.

ప్రశ్న: పోయిన నెల "కరణం ఉన్నప్పుడు లెక్క ఊళ్లోనే ఉండేది" అని మురిసిపోతూ రాశారు. మా తాత పట్వారీ ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడు. ఆయన కౌలు చేసిన రెండెకరాలు పహాణీలో రాత్రికి రాత్రి వేరే పేరుకు మారాయి. మీ సంప్రదాయం మీకు తీపి, మాకు కాదు. ఈ ఉత్తరం మీరు వేయరని తెలుసు.
(ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా)

వేశానమ్మా, ఒక్క అక్షరం తీయలేదు. మీరన్నది నిజం. లెక్క ఊళ్లో ఉండేదని రాశాను, ఊళ్లో ఎవరి చేతిలో ఉండేదో రాయలేదు. కరణం అరుగు మీదికి ఎక్కి కూర్చోగలిగినవాడికి ఒక రకంగానూ, అరుగు కింద నిలబడ్డవాడికి ఇంకో రకంగానూ ఉండేది ఆ మూట. కరణాన్ని నమ్మొద్దని వెనకటికి శతకాలు రాసినవాళ్లే చెప్పారు, నేను గుర్తుపెట్టుకోవాల్సింది.

ఒక్కటి అడుగుతాను. ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ ఎత్తేశారు, అంటే దున్నేవాడి పేరు ఎక్కడా లేకుండా పోయింది. మీ తాతలాంటి కౌలుదారు పేరు మార్చడానికి అప్పుడు పట్వారీ కూడా అక్కర్లేకపోయింది, అసలు పేరే లేదు. అందుకే పాతవి వెతకండి. 1954-55 ఖాస్రా పహాణీ సర్టిఫైడ్ కాపీకి తహసీల్ ఆఫీసులో అర్జీ పెట్టండి, మీ తాతగారి పేరు అందులో ఉండే అవకాశం ఉంది. దొరికితే ఫొటో తీసి పంపండి. వచ్చే నెల ఈ ఉత్తరంతో పాటే వేస్తాను, నన్ను తిట్టిన భాగం కూడా.