సూపర్ కండక్టర్ల మీద రీసెర్చ్ అంటోంది... పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. లోహంలో పొదిగిన నానో కణాల సూపర్ కండక్టివిటీ మీద పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచర్ అయితే చాలని ఇంట్లో అందరి మాట. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అసలు అమ్మాయి ఏం చేయాలనుకుంటోందో ముందు చెబుతానండి. సీసాన్ని 7.2 కెల్విన్‌కు, అంటే మైనస్ 266 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే అందులో కరెంటుకు నిరోధమే ఉండదు. అదే సూపర్ కండక్టివిటీ. అల్యూమినియమైతే 1.2 కెల్విన్ దాకా దిగాలి. సీసం, ఇండియం, అల్యూమినియం కలిపి కరిగించి, జోరుగా తిరిగే రాగి చక్రం మీద సన్నటి ధారగా వదిలితే క్షణంలో గడ్డకట్టి రిబ్బన్‌లా బయటికొస్తుంది. గడ్డకట్టిన అల్యూమినియంలో సీసం ఇమడదు కాబట్టి ఇండియంతో కలిసి నానోమీటర్ల సైజు కణాలుగా అక్కడక్కడా నిలిచిపోతుంది. ఆ రిబ్బన్‌ను 1.2 కెల్విన్‌కు కాస్త పైదాకా చల్లబరిస్తే ఆ కణాలు సూపర్ కండక్టర్లు, చుట్టూ ఉన్నది ఇంకా మామూలు లోహం. కణాలు తమ గుణాన్ని చుట్టుపక్కలకు ఎంత పంచుతాయి, ఆ పంపకంలో తాము ఎంత పోగొట్టుకుంటాయి? అమ్మాయిని లాగుతున్న ప్రశ్న ఇదే. చాలా మంచి ప్రశ్న కూడా. ఎంఆర్ఐ మెషీన్ అయస్కాంతంలోని తీగ కూడా రాగిలో పొదిగిన నియోబియం-టైటానియం పోగులే.

ఇక ఉద్యోగం. ఈ ఒక్క టాపిక్ పేరుతో ఏ కంపెనీ నోటిఫికేషన్ వేయదు. అయితే ఆ పనిలో భాగంగా మిశ్రమలోహాలు తయారుచేయడం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, ఎక్స్‌రే డిఫ్రాక్షన్, ద్రవ హీలియంతో కొలతలు చేతికొస్తాయి. హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్, ఏఆర్‌సీఐ లాంటి సంస్థలు లోహాలు, పదార్థాల మీదే పనిచేస్తాయి. అందుకే టాపిక్ కంటే చేతి నైపుణ్యాన్ని నమ్ముకోమంటాను.

ఫైనలియర్‌లో జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి దారి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ పరీక్ష. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. కాబట్టి పీహెచ్‌డీ ఖర్చుకు మీరు టెన్షన్ పడక్కర్లేదు. కాకపోతే స్థిరపడేసరికి ముప్పై దాటొచ్చు. పెళ్లి మాట తెచ్చి మధ్యలో ఆపించేలా ఉంటే ఇప్పుడే వద్దనండి, అదే న్యాయం.

అమ్మాయికీ ఒక మాట. బంగారంలో పొదిగిన వెండి కణాలు 236 కెల్విన్ దగ్గరే సూపర్ కండక్టర్లయ్యాయని 2018లో ఐఐఎస్సీ నుంచి వచ్చిన పేపర్ సంచలనమైంది. రెండు వేర్వేరు కొలతల గీతల్లో నాయిస్, అంటే చిన్నచిన్న హెచ్చుతగ్గులు, ఒకేలా ఉందని అమెరికాలోని ఒక శాస్త్రవేత్త పట్టుకున్నారు. అవి ఎప్పటికప్పుడు మారాలి కాబట్టి అనుమానాలు వచ్చాయి. అలాంటి వార్తలు చూసి ఇందులోకి రావద్దమ్మా. ఒకే కొలతను పదేపదే ఓపిగ్గా తీయడం నచ్చితేనే రా.

నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి సైన్స్ అకాడమీలు ఏటా ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయించండి. రెండు నెలలు ల్యాబ్‌లో ఉండి వచ్చాక జామ్ సంగతి మాట్లాడుకోవచ్చు. బీఈడీకి అప్పటికీ తలుపులు మూసుకోవు.