సోల్డరింగ్ పొగ లాగే మెషీన్ కొనే ముందు

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. సొంతంగా బెంచి వేసుకున్నావనీ, రోజూ నాలుగైదు గంటలు సర్క్యూట్ బోర్డుల మీదే కూర్చోబోతున్నావనీ చదివి చాలా సంతోషించాను. సోల్డరింగ్ పొగ లాగే మెషీన్లు మూడు చూశాను, ఏది కొనమంటావని ముందే అడిగినందుకు ఇంకా సంతోషం.

ముందు ఆ పొగ ఏమిటో తెలుసుకో. చాలామంది దాన్ని సీసం ఆవిరి అనుకుంటారు. కాదు. తగరం 63, సీసం 37 పాళ్ళు కలిసిన సోల్డరు వైరు, అంటే కరిగించి అతికించే తీగ, 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఐరన్ కొనన ఉండే బిట్టు 350 దగ్గర ఉంటుంది. సీసం మరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. కాబట్టి సీసం గాల్లోంచి కాదు, వేళ్ళ మీద నుంచి ఒంట్లోకి పోతుంది. వైరు పట్టుకున్న చేత్తో ఏదీ తినకు, పని అవగానే సబ్బుతో కడుక్కో. ఆ జాగ్రత్త ఏ మెషీనూ తీసుకోదు.

తెల్లగా లేచే పొగ ఫ్లక్సుది, అంటే సోల్డరు బాగా అతకడానికి వాడే పదార్థానిది. పైన్ చెట్ల బంక నుంచి తీసిన రోసిన్ వేడికి విడిపోయి ఫార్మాల్డిహైడ్ లాంటి ఘాటు వాయువులు, మైక్రాను కంటే సన్నని రేణువులు వదులుతుంది. పీల్చగా పీల్చగా ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కాస్త పొగకే ఆయాసం వస్తుంది. లెడ్-ఫ్రీ, అంటే సీసం లేని వైరు, వాడతాను కాబట్టి పర్వాలేదని రాశావు. అది కరగడానికే 217 డిగ్రీల పైన కావాలి. బిట్టు వేడి పెంచుతావు, ఫ్లక్సు ఇంకా ఎక్కువ పొగ లేపుతుంది.

నేను పని నేర్చుకున్న చోట నా పక్క బెంచి మీద ఒకతను ఉండేవాడు. సోల్డరుతో అతుకు, అదే జాయింటు, పెడితే అద్దంలా మెరిసేది. సాయంత్రమయ్యేసరికి దగ్గు, రాత్రి పిల్లికూతలు. సెలవుపెట్టి వెళ్తే తగ్గిపోయేది, తిరిగొచ్చిన రోజే మళ్ళీ మొదలు. దుమ్ము వల్ల అనుకున్నాం అందరం. పనికొస్తే ఎక్కువ, సెలవైతే తక్కువ అన్న ఆ తేడానే అసలు గుర్తని మాకు తెలియదు. చివరికి అంత మంచి చేతిపని వదిలేసి వెళ్ళాల్సి వచ్చింది. నీకు అలాంటి దగ్గు ఎప్పుడు మొదలైనా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళు, సోల్డరింగ్ చేస్తానని తప్పకుండా చెప్పు.

ఇక మెషీన్లు. నువ్వు రాసిన మూడింటిలో మొదటిది, బల్ల మీద పెట్టే చిన్న ఫ్యాను డబ్బా, వద్దు. అందులో నల్లగా కనిపించేది కార్బన్ చల్లిన స్పాంజి. ఘాటు వాసన కొంత తగ్గిస్తుందేమో గానీ సన్నని రేణువులు దాని రంధ్రాల్లోంచి దర్జాగా వెనక్కి వెళ్ళి గదిలోనే తిరుగుతాయి. పైగా దాని లాగుడు అరచేయి దూరం దాటితే ఉండదు.

ఈ లాగుడు సంగతే అన్నిటికంటే ముఖ్యం, అమ్మడూ. దీపాన్ని దూరం నుంచి ఊది ఆర్పగలం. అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పగలమా? ఊదిన గాలి తిన్నగా పోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. గొట్టం మూతి వెడల్పు ఎంతో అంత దూరం జరిగితే చాలు, గాలి వేగం పదోవంతుకు పడిపోతుంది. పొగ పట్టుబడాలంటే జాయింటు దగ్గర గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో కదలాలి. 10 సెంటీమీటర్ల మూతిని 10 సెంటీమీటర్ల దూరంలో పెడితే, మూతి దగ్గర సెకనుకు 5 మీటర్లు కావాలి. అంటే గంటకు దాదాపు 140 ఘనపు మీటర్ల గాలి. అట్టపెట్టె మీద రాసే అంకె చాలాసార్లు ఫిల్టరు లేకుండా కొలిచినది. ఫిల్టర్లు, గొట్టం బిగించాక ఎంత లాగుతుందో అమ్మేవాళ్ళని అడుగు.

అందుకే నా ఓటు రెండోదానికి, వంచితే వంగి పెట్టిన చోట నిలిచే ఆర్మ్ ఉన్నదానికి. ఆ మూతిని జాయింటు పక్కకి, కాస్త పైకి తెచ్చుకోవచ్చు. పొగ వేడికి నిట్టనిలువుగా లేస్తుంది, మనమేమో సరిగ్గా దాని మీదకే వంగుతాం. ముక్కుకి చేరకముందే పక్కకి తిప్పాలి. లోపల మూడు పొరలు ఉండాలి: జిగురు పొగని ముందే ఆపే ప్రీ-ఫిల్టరు, 0.3 మైక్రాన్ల రేణువుల్ని 99.97 శాతం ఆపే హెపా, వాయువుల కోసం దట్టంగా గింజలు నింపిన కార్బన్. ప్రీ-ఫిల్టరు విడిగా మార్చుకునే వీలు లేకపోతే ఆ జిగురంతా హెపాకే పట్టి, ఖరీదైన హెపా త్వరగా పోతుంది. మెషీను ధరతో పాటు ఫిల్టర్ల ధర కూడా చూసుకో. హెపా నిండితే లాగుడు తగ్గుతుంది. కార్బన్ నిండితే వెనక నుంచి వాసన వస్తుంది, లాగుడు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి వాసన వస్తే వెంటనే మార్చు.

మూడోది, ఐరన్‌కే సన్నని గొట్టం కట్టేది, పొగని పుట్టిన చోటే పడుతుంది. కానీ చేతికి బరువు, గొట్టం రోసిన్‌తో త్వరగా పూడుకుంటుంది. సన్నని పనులు చేసే నీకు విసుగొస్తుంది.

చప్పుడు కూడా వినిచూడు. చెవులు హోరెత్తితే పది నిమిషాలకే ఆపేస్తావు, ఆపేసిన మెషీను ఎంత మంచిదైతే ఏం లాభం?

కొనే ముందు ఐరన్, వైరు పట్టుకెళ్ళి ఒక జాయింటు పెట్టు. పొగ దారం సన్నగా లేచి మూతి వైపు వంగుతుందా చూడు. మూతిని వేలు వెడల్పు చొప్పున వెనక్కి జరుపుతూ పో. దారం వంగడం మానేసిన చోటే దాని అసలు హద్దు. నువ్వు ఆ హద్దులో సగం దూరంలో పెట్టుకుని పని చెయ్యి. మరీ దగ్గరగా పెడితే జాయింటు చల్లబడి సోల్డరు సరిగా పాకదు.

బెంచి పొడవు, నువ్వు మామూలుగా కూర్చుంటే ముక్కుకీ బోర్డుకీ మధ్య ఎంత దూరం ఉంటుందో టేపుతో కొలిచి రాయి. ఆర్మ్ ఎంత పొడవుది తీసుకోవాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య