పక్క మంచం ఖాళీ అయితే బిల్లు మనకెందుకు?

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాను. అమ్మాయి అమెరికాలో డిగ్రీ రెండో ఏడు, కాలేజీ డార్మ్‌లో ఉంటుంది. ఇద్దరుండే గది. రూమ్మేట్ డిసెంబరులో వేరే కాలేజీకి వెళ్ళిపోయింది. ఇప్పుడు హౌసింగ్ ఆఫీసు వాళ్ళు మెయిల్ పెట్టారు, ఇంకొకర్ని వెతుక్కో, లేదంటే వేరే గదికి మారు, అదీ కాదంటే ఈ సెమిస్టరుకి 1,200 డాలర్లు అదనంగా కట్టి గది మొత్తం ఉంచుకో అని. ఈవిడేమో ఒక్కదాన్నే ఉంటానంటోంది, వీడియో కాల్‌లో చూస్తే ఆ మంచం మీద అప్పుడే సూట్‌కేసులు, వాళ్ళమ్మ కట్టిచ్చిన పచ్చడి డబ్బాలు సర్దేసింది. ఎఫ్‌డీ తీసి పంపనా, ఎడ్యుకేషన్ లోన్‌లోంచి పెట్టనా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు సార్. ముందు ఆ మెయిల్‌లో ఏ తేదీలోగా జవాబివ్వమన్నారో చూడమనండి.

అక్కడ డార్మ్ కాంట్రాక్టు మామూలుగా మంచానికి రాస్తారు, గదికి కాదు. మన ఎంవీపీ కాలనీలో టూ షేరింగ్‌లో ఒకమ్మాయి ఖాళీ చేస్తే రెండో అమ్మాయి అద్దె పెరగదు కదా, ఓనరే తిప్పలు పడి ఇంకొకర్ని తెచ్చుకుంటాడు. అక్కడా అంతే, కాకపోతే గదికొక మంచం చొప్పున ఖాళీగా పడుంటే కాలేజీకి గిట్టదు కాబట్టి ఇలా ఒంటరిగా మిగిలిన పిల్లల్ని తెచ్చి ఇద్దరిద్దరిగా కలిపేస్తుంటారు, దానికి కన్సాలిడేషన్ అని ఓ పెద్ద పేరు. మీ అమ్మాయి చేయకూడనిది ఒక్కటే, ఊరుకోవడం. జవాబివ్వకపోతే కొన్ని కాలేజీలు తమకు తోచినవాళ్ళని పంపేస్తాయి, కొన్ని సింగిల్ రేటు నేరుగా ఆమె ఖాతాలో వేసేస్తాయి, ఆ బాకీ తీరేదాకా వచ్చే సెమిస్టరు రిజిస్ట్రేషన్ కూడా ఆగిపోవచ్చు.

కాబట్టి ఇవాళే ఆ పచ్చడి డబ్బాలు దింపించండి. నవ్వులాటకి అనడం లేదు. ఏ రోజైనా కొత్త అమ్మాయి రావచ్చు, సగం గది ఖాళీగా ఉంచకపోతే జరిమానా వేసే చోట్లున్నాయి, డబ్బు కట్టకుండా గదంతా వాడుకుంటోందన్న మాట కూడా వస్తుంది.

పైసా ఖర్చు లేని దారి మొదటిదే, ఇంకొకర్ని వెతుక్కోవడం. క్లాసులోనో ల్యాబులోనో తెలిసినమ్మాయి, తన గదితో విసిగిపోయినామె ఒకరు దొరక్కపోరు. ఇద్దరూ కలిసి హౌసింగ్ ఆఫీసుకి రాస్తే చాలావరకు ఒప్పుకుంటారు. ఎవరో తెలియని మనిషి వచ్చిపడుతుందన్న టెన్షన్ కూడా పోతుంది.

ఇక డబ్బు. డాలరు 90 రూపాయలనుకుంటే 1,08,000. లోన్‌లో కలిపారా, 10.5 శాతం వడ్డీ వేసుకున్నా ఈఎంఐ మొదలయ్యేలోపు మూడేళ్ళకి 34 వేల పైచిలుకు వడ్డీయే. ఆ వడ్డీకి పన్ను మినహాయింపు ఉందిగా అంటారేమో, అది పాత పన్ను విధానంలోనే, మీరు కొత్తదానిలో ఉంటే లేదు. అందుకని కట్టక తప్పదంటే ఎఫ్‌డీయే నయం, అదీ ఉన్నవాటిలో చిన్నది, మీ ఇద్దరి వైద్యానికని దాచింది మాత్రం కాదు. ఈ ఆర్థిక సంవత్సరంలో మీ పాన్ మీద విదేశానికి పంపిన మొత్తం 10 లక్షలు దాటితే (2025 ఏప్రిల్‌కి ముందు 7 లక్షలే ఉండేది) పైమొత్తం మీద బ్యాంకు టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. ఆ డబ్బు పోదు, రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అందాకా ఇరుక్కుంటుంది. డబ్బు పంపే బ్యాంకు ఫారంలో కారణం చదువు అనే రాసి కాలేజీ బిల్లు జతచేయండి. కుటుంబ పోషణ అని రాసేస్తే ఆ పైమొత్తానికి 20 శాతం పడుతుంది. గుర్తింపు ఉన్న బ్యాంకు లోన్ డబ్బుకైతే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్సే లేదు, కానీ ఆ ఒక్కదానికోసం పైన చెప్పిన వడ్డీ మోయడం దండగ.

అమ్మాయితో మాట్లాడేటప్పుడు లక్ష అనకండి, గంటల్లో చెప్పండి. క్యాంపస్‌లో గంటకి 12 డాలర్లొస్తే 1,200 అంటే 100 గంటలు, ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి చేయకూడదు, అంటే అయిదు వారాల పని. నిద్ర పట్టడం లేదనో, పాత రూమ్మేట్‌తో నలిగిపోయాననో చెబితే అది వేరే సంగతి, నేనైతే కట్టేస్తాను. ఉత్త సరదాకైతే కట్టను. కట్టేముందు రెండు విషయాలు మెయిల్‌లోనే అడిగించండి, సెమిస్టరు అయ్యేదాకా ఇంకెవర్నీ పంపరు కదా, కొన్ని వారాలు గడిచాక తీసుకుంటే మొత్తం తగ్గుతుందా అని. నోటిమాట నమ్మొద్దు.

వచ్చే ఏడాదికి ఆర్ఏ ఉద్యోగానికి అప్లై చేయమనండి. డార్మ్‌లో ఓ అంతస్తు పిల్లల్ని చూసుకునే పని, అదీ ఆ 20 గంటల్లోకే వస్తుంది. చాలా కాలేజీల్లో వాళ్ళకి గది ఉచితం, తరచుగా సింగిల్ గదే.