సార్కోమా తగ్గాక అదే కాలు వాస్తోందా? స్కాన్ తేదీ దాకా ఆగకండి

తొడలో సార్కోమాకి (కండలోనో, కొవ్వులోనో, ఎముకలోనో పుట్టే క్యాన్సర్) ఆపరేషన్, రేడియేషన్ అయి రెండేళ్ళు దాటిందని, స్కాన్లన్నీ బాగానే వచ్చాయని, ఇప్పుడు అదే కాలు సాయంత్రానికల్లా వాస్తోందని రాశారు. తర్వాతి స్కాన్‌కి ఇంకా రెండు నెలలుంది, ఆగనా అని అడిగారు. ఆగకండి. ఈ రోజే మీ ఆంకాలజీ (క్యాన్సర్) డాక్టరు గారికి ఫోన్ చేయండి. వాపుకి కారణాలు చాలా ఉంటాయి, వాటిలో కొన్నిటికి వెంటనే మందు పడాలి.

నాదీ తొడ సార్కోమాయే. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ట్రీట్‌మెంట్ అయిపోయి మళ్ళీ ఇంటి పనుల్లో పడ్డాక, ఓ సాయంత్రం కాలి పట్టీ తీస్తుంటే దాని అచ్చు చీలమండ చుట్టూ దిగబడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. మళ్ళీ వచ్చేసిందనే అనుకున్నాను.

మా వైపు కాలు వాచిందంటే ముందు వినపడేది బోదకాలు మాటే. ఇంటింటికీ ఫైలేరియా మాత్రలు పంచిన ప్రాంతం కదా. మా అత్తగారూ అదే అన్నారు, ఊళ్ళో డాక్టరు గారూ అదే అన్నారు. వాళ్ళని తప్పు పట్టలేం. పెద్దవాళ్ళకొచ్చే క్యాన్సర్లలో సార్కోమాలు నూటికి ఒకటి, చాలామంది డాక్టర్లకి ఎదురే పడవు. అందుకే ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదటి మాటే "ఈ తొడలో సార్కోమా తీశారు, రేడియేషన్ ఇచ్చారు" అని చెప్పి, డిశ్చార్జ్ సమ్మరీ బల్ల మీద పెట్టండి.

నాకు ముందు డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేశారు, సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని. అదేం లేదు. తర్వాత తొడకి ఎమ్మారై, అదీ క్లీన్. చివరికి లింఫెడీమా అని తేలింది. కోత వల్ల, రేడియేషన్ వల్ల లింఫు నాళాలు (ఒంట్లో అదనపు నీటిని లాగేసే సన్నటి గొట్టాలు) దెబ్బతింటే, మురుగు కాలవ పూడిన చేలో నీళ్ళు నిలిచినట్టు కాల్లో నీరు నిలిచిపోతుందట. ఇప్పుడు బిగుతు మేజోడు వేసుకుంటున్నాను, వాపు అదుపులో ఉంది.

డాప్లర్ అయ్యేదాకా నూనె రాసి మర్దనా చేయించుకోకండి. మనవాళ్ళు ప్రేమతోనే చేస్తామంటారు, అయినా వద్దు, సిరలో రక్తం గడ్డ ఉంటే ప్రమాదం. పిక్క బిగుసుకుని నొప్పి పెట్టినా, కాలు ఎర్రబడి చలిజ్వరం వచ్చినా ఆ రోజే చూపించుకోండి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకే వెళ్ళండి. కోత పక్కన కొత్తగా గట్టిగా ఏదైనా తగిలినా, రెండు మూడు వారాలైనా దగ్గు తగ్గకపోయినా డాక్టరుకి చెప్పాల్సిందే. సార్కోమా పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకే పాకుతుంది.

ఇంట్లోవాళ్ళు "ఏం కాదులే, ఆలోచించకు" అంటే నాకు ఇంకా టెన్షన్ పెరిగేది. మా ఆయన బండి తీసి "పద, చూపించుకుందాం" అన్నాకే ప్రాణం కుదుటపడింది. మీ ఇంట్లో అలా అనేవాళ్ళెవరో చూసుకుని, వాళ్ళకి ఈ రోజే చెప్పండి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు టైలర్ టేపుతో రెండు పిక్కలూ కొలవండి. పెన్నుతో గుర్తు పెట్టుకుని, పొద్దున మంచం దిగకముందు ఒకసారి, రాత్రి ఒకసారి, అదే చోట కొలిచి క్యాలెండర్ మీద రాయండి. డాక్టరు గారు నన్ను ముందు అడిగింది అదే. స్కాన్ ముందుకి జరపడం కుదురుతుందేమో మీరే నోరు తెరిచి అడగండి, మొహమాటపడకండి.