పాఠకుల ప్రశ్నలు: బాంబర్లకు తోడు వెళ్ళే ఆట

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం ఆదివారం మధ్యాహ్నాలు భోజనాల బల్లపై గళ్ళ గుడ్డ పరచి, చిన్న విమాన బొమ్మలతో రెండవ ప్రపంచ యుద్ధపు ఆటలు ఆడుకుంటాము. వాటిలో ఎస్కార్టు ఆట మాత్రం ఎన్నడూ కుదరడం లేదు. ఎస్కార్టు ఆడేవాడు శత్రువుల వెంటపడితే బాంబర్లు దిక్కులేకుండా కూలిపోతున్నాయి. బాంబర్లను అంటిపెట్టుకొని ఉంటే ఆట చప్పబడి, చివరికి అవే కూలిపోతున్నాయి. ఎస్కార్టు ఫైటర్లు నాలుగు గళ్ళకు మించి దూరం పోకూడదని నియమం పెట్టుకోవచ్చునా?
— ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పెట్టుకోవచ్చును, కాని 1940 నాటి ఆటలకు మాత్రమే. ఆ ఏడాది ఇంగ్లండుపై దాడులలో తమ బాంబర్లు ఎక్కువగా కూలుతుండడం చూసి, ఫైటర్లు వాటిని అంటిపెట్టుకొనే ఎగరాలని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ ఆదేశించాడు. జర్మన్ ఫైటరు మెస్సర్‌ష్మిట్ 109కి వేగమూ ఎత్తూ తప్ప వేరే బలం లేదు. అలిపిరి మెట్లదారిలో అవ్వకు తోడు వెళ్ళిన కుర్రవాడు నాలుగు మెట్లు ఎగబ్రాకి, ఆగి, మళ్ళీ కిందికి వచ్చినట్లుగా, అది నెమ్మదిగా సాగే బాంబరు పక్కన వంకరలు తిరుగుతూ తన వేగాన్ని తానే పోగొట్టుకునేది. పైగా లండన్ మీద పోరాడడానికి దాని ఇంధనం సుమారు పది నిమిషాలకే సరిపోయేది. ఆ ఏడాది ఆట ఆడుతున్నట్లయితే మీ నాలుగు గళ్ళ నియమం చరిత్రకు దగ్గరగానే ఉంటుంది, జర్మన్ పక్షం ఆడేవారికి నాటి పైలట్ల విసుగు కూడా తెలిసివస్తుంది.

1944 ఆటకు మాత్రం ఆ నియమం పనికిరాదు. ఆ జనవరిలో అమెరికా ఎనిమిదవ వైమానిక దళం బాధ్యత తీసుకున్న డూలిటిల్, ఫైటర్లను బాంబర్ల పక్కనుండి విడిపించి, ముందుకు వెళ్ళి జర్మన్ ఫైటర్లను వేటాడమన్నాడు. బాంబరు సిబ్బందికి అది నచ్చలేదు, కాని ఆ వసంతంలోనే జర్మన్ ఫైటరు బలం విరిగింది.

అయితే మీ చిక్కు దూరంలో కంటె లెక్కలో ఉన్నదని నా అనుమానం. కూల్చిన ప్రతి విమానానికీ ఒకే మార్కు ఇస్తే ఎవడైనా వేటకే పోతాడు. బాంబులతో లక్ష్యం దాటిన ప్రతి బాంబరుకు ఐదు, తిరిగి తన అంచు చేరితే మరి రెండు, కూల్చిన ఫైటరుకు ఒకటి చొప్పున ఇచ్చి చూడండి. అప్పుడు ఎస్కార్టు పని ఏమిటో బల్లపైనే కనిపిస్తుంది. బాంబర్లు ఐదవ ఎత్తులో ఉన్నాయనుకోండి. ఎదురుగా ఆరవ ఎత్తులో వచ్చే జర్మన్ ఫైటరు ఫోకె-వుల్ఫ్ మరొక గడి జరిగితే కాల్పులు జరుపుతుంది. ఆ క్షణాన అమెరికన్ ఎస్కార్టు ఫైటరు మస్టాంగ్ దాని తోక వెనుకకు చేరితే, అది తప్పించుకోవడానికి మూడవ ఎత్తుకు దూకవలసినదే. వంతుకు ఒక ఎత్తు చొప్పున తిరిగి పైకెక్కేలోగా బాంబర్లు ఆరు గళ్ళు దాటిపోతాయి. ఒక్క గుండు తగలకపోయినా ఎస్కార్టు తన పని చేసినట్లే.

ఆపైన ఇంధనాన్ని ఆటలోకి తీసుకురండి. ఈ ఆటకు ప్రాణం అదే. 14 అక్టోబరు 1943న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌కు బయలుదేరిన 291 బి-17 అమెరికన్ బాంబర్లలో 60 తిరిగిరాలేదు. తోడు వెళ్ళిన థండర్‌బోల్ట్ ఫైటర్లు జర్మనీ సరిహద్దులోని ఆఖెన్ పరిసరాల నుండే వెనుదిరగవలసి రావడం, జర్మన్లు ఆ సమయం కోసమే కాచుకొని ఉండడం అందుకు ముఖ్యకారణాలు. ప్రతి ఎస్కార్టుకూ రెక్క కింది అదనపు ట్యాంకు గుర్తుగా ఒక చింతగింజ ఇవ్వండి. పోరాటానికి దిగేముందు ట్యాంకును వదిలేయాలి కనుక గింజ తీసివేయాలి, అది పోతే ఎనిమిదవ వంతులో ఇంటిదారి పట్టాలి. ఇక దాడిచేసేవాడు రెండు విమానాలను ముందుగానే పంపి, కాల్పులు జరపకుండానే గింజలు రాలగొట్టి పోవచ్చును. జర్మన్లు నిజంగానే ఈ ఎత్తు వేసేవారు. కదలాలా, ఓర్చుకోవాలా అని ఎస్కార్టు ఆటగాడు గింజపై వేలుపెట్టి ఆలోచించే ఆ అర నిమిషం కోసమే నేను ఈ ఆట ఆడుతాను.

ప్రశ్న: మా ఆటలో పన్నెండు బాంబర్లు ఉంటాయి. ప్రతి మరతుపాకికీ పాచిక వేస్తే ఒక వంతుకే గంట పడుతున్నది. ఏమి చేయాలి?
— ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: బి-17 'జి' రకంలో పదమూడు తుపాకులు, పన్నెండింటికి పాచికలు వేయబోతే మామిడికాయల కాలం ముగుస్తుంది. నాటి అమెరికన్ బాంబర్లు మూడేసి కలిసి ఎగిరేవి కనుక మూడింటిని ఒక జట్టుగా తీసుకొని, ఏ దిక్కునుండి దాడి వచ్చినా జట్టుకు ఒక్కసారే వేయండి. వెనుకనుండి వచ్చేవారిపై మూడు పాచికలు, ఎదురుగా వచ్చేవారిపై ఒకటి చాలు. ముందువైపు కాపలా బలహీనమని కనిపెట్టి జర్మన్లు 1942 చివరలో ఎదురుదాడులు మొదలుపెట్టారు, దానికి విరుగుడుగానే 'జి' రకానికి ముక్కు కింద తుపాకులు వచ్చాయి. ఆ రకానికి మాత్రం ఎదుటికీ రెండు ఇవ్వండి. లక్ష్యానికి ముందు చివరి పరుగులో బాంబర్లు తిరగకూడదు, ఎత్తు మారకూడదు.

ప్రశ్న: ఎత్తు చూపడానికి చవకైన మార్గం చెప్పండి.
— ఒక గృహిణి, తిరుచానూరు

జవాబు: సైకిలు పుల్లను ముక్కలుగా కోసి చెక్క దిమ్మలో గుచ్చి, ఎత్తుకు ఒక పూస చొప్పున ఎక్కించండి. పూసల రంధ్రం పుల్లకు బిగువుగా ఉండాలి, లేకుంటే విమానం ఎత్తినప్పుడల్లా జారి బల్ల కింద వెదకవలసి వస్తుంది.

ప్రశ్న: యూరపు యుద్ధాలే కాక, 1942లో విశాఖపట్నంపై జరిగిన జపాన్ దాడిని ఆటగా ఆడవచ్చునా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: 6 ఏప్రిల్ 1942న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి కాని, వాటిని గాలిలో అడ్డుకొన్న ఫైటర్లు లేవు, ఎదిరించేవాడు లేనిచోట ఎస్కార్టు ఆట లేదు. అంతకు ముందురోజు కొలంబోపై జరిగిన దాడి మీకు సరిపోతుంది. అందులో 91 బాంబర్లకు తోడుగా 36 జీరో ఫైటర్లు వచ్చాయి. ఆరు విమానాలకు ఒక బొమ్మ చొప్పున పెడితే పదిహేను బాంబర్లు, ఆరు జీరోలు అవుతాయి. వాటిని ఎదిరించే బ్రిటిష్ హరికేన్ ఫైటర్లకూ ఆరు బొమ్మలు ఇవ్వండి. ముందస్తు హెచ్చరిక అందలేదు కనుక అవి ఒక్క పూస కూడా లేకుండా నేలమీదే మొదలవ్వాలి. సగం రత్మలాన విమానాశ్రయంలో జపనీయుల కళ్ళెదుటే ఉంటాయి. తక్కిన సగం గుర్రప్పందాల మైదానంలో ఉంటాయి, అక్కడ విమానాలున్న సంగతి వారికి తెలియదు కనుక ఆ బొమ్మలు పైకి లేచేవరకు వాటిని గుడ్డ కింద దాచి ఉంచండి.