మేనకోడలికి, కోర్టు కవరు గురించి

అమ్మలూ,

కార్డు బాకీ మీద బ్యాంకు దావా వేసిందని, సమన్లు నువ్వే సంతకం పెట్టి తీసుకున్నావని, లాయరు లేకుండా వాయిదాకి వెళ్తానంటున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఇక నిద్ర పట్టలేదు. టెన్షన్‌గా ఉంది, గర్వంగానూ ఉంది. నాకొచ్చిన అలాంటి కవరు తీసుకోవడం నా వల్ల కాలేదు మరి.

నాది ప్రోనోటు కేసు. 2004లో తెనాలిలో స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టాను, వాడు చేతులెత్తేశాడు. పోస్ట్‌మ్యాన్ కోర్టు కవరు తెచ్చేసరికి మీ అత్త వాకిట్లో వడియాలు పెడుతోంది. ముద్ర చూడగానే నా చేతులు చల్లబడ్డాయి, 'తీసుకోను' అన్నాను. అతను రెండుసార్లు అడిగి, కవరు మీదే ఆ మాట రాసుకుని వెళ్లిపోయాడు. తీసుకోకపోతే కేసు ముందుకు సాగదనుకున్నాను. వద్దన్నా అందినట్టే లెక్కని అప్పుడు తెలియదు. వాయిదాకి పోలేదు, నేను లేకుండానే తీర్పు, ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు, అయిపోయింది. నేను కట్టిన డబ్బుకి రసీదులు బీరువాలో ఉన్నాయి తల్లీ, వాటిని ఏ జడ్జీ చూడలేదు. తర్వాత జీతం జప్తు ఉత్తర్వు ఆఫీసుకే వచ్చింది. వెయ్యి పోను మిగతాదాంట్లో మూడో వంతు, నెలనెలా, రెండేళ్లు. జీతాల రిజిస్టర్లో నేను సంతకం పెడుతుంటే పక్కవాళ్లకి కనబడకుండా క్యాషియర్ ఆ కాలమ్ మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ చెయ్యి ఇప్పటికీ కళ్లముందే ఉంది.

కాబట్టి ముందు తేదీ చూడు. మామూలు దావా అయితే సమన్లు అందిన 30 రోజుల్లో రిటెన్ స్టేట్‌మెంట్, అంటే దావాకి నీ రాతపూర్వక జవాబు, వెయ్యాలి, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. ఆర్డర్ 37 అని ఉంటే, అంటే త్వరగా తేల్చే సమ్మరీ దావా అయితే, 10 రోజుల్లోనే హాజరు వెయ్యాలి. లాయరు వద్దన్నావట, అక్కడ మాత్రం నాకు కోపమొచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్తే ఆడవాళ్లకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్ని ఇస్తారు, డబ్బు కోసం మొహమాటపడే పనే లేదు. కార్డు స్టేట్‌మెంట్లన్నీ తీసుకెళ్లు. నువ్వు చివరిసారి కట్టి మూడేళ్లు దాటాక దావా వేశారేమో, కాలదోషం పట్టిందేమో లాయరు చూస్తాడు.

లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటే వెళ్లు. అక్కడ ఒప్పుకున్నదానికి అప్పీలు ఉండదు, ప్రతి లైనూ చదివాకే సంతకం పెట్టు. సగం తగ్గిస్తామంటే పొంగిపోకు. తగ్గించి కడితే సిబిల్‌లో, అంటే నీ అప్పుల రికార్డులో, 'సెటిల్డ్' అని పడుతుంది, రేపు ఇంటి లోనుకి వెళ్తే ముందు దాని గురించే అడుగుతారు. కిస్తీల్లోనైనా మొత్తం కట్టి 'క్లోజ్డ్' అనిపించుకో. బ్యాంకు లెటరు చేతికి రాకుండా ఏజెంటు ఫోన్ మీద రూపాయి పంపకు. కట్టాక బాకీ లేదని నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, సిబిల్ రిపోర్టులో మారిందో లేదో చూసుకో, ఏడాదికోసారి ఉచితమే.

నువ్వు మీ అమ్మకి పంపిన ఫోటోలో సమన్లు అందిన తేదీ దగ్గర మడత పడి అంకె కనబడట్లేదు. కాగితం సరిచేసి మళ్లీ తీసి నాకు పంపు, ఇవాళే.

మావయ్య