ముసుగేసిన కారును పోల్చుకోవడం ఎలా?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నలుపు తెలుపు చారల స్టిక్కర్ కప్పిన ఓ సూపర్‌కారు వీడియో మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో టెస్టింగట. కొందరు వీ12 (పన్నెండు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్) అంటారు, కొందరు ఎలక్ట్రిక్ అంటారు. ఎవరిని నమ్మాలి?
– ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందు బాడీని నమ్మడం మానేయండి. టెస్టింగ్ తొలి రోజుల్లో రోడ్డెక్కేవి ‘మ్యూల్’లు. అంటే కొత్త ఇంజనుకి పాత కారు చొక్కా తొడిగినవన్నమాట. ఫెరారీ కంపెనీ సూపర్‌కారు లాఫెరారీ మ్యూల్, అదే కంపెనీ 458 కారు బాడీతో తిరిగింది. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారు కోసం అల్టిమా అనే కిట్‌కార్లు (విడిభాగాలుగా కొని బిగించుకునేవి) రెండు తీసుకున్నారు. ‘ఆల్బర్ట్’లో గేర్‌బాక్సును, ‘ఎడ్వర్డ్’లో బీఎండబ్ల్యూ వీ12ను పరీక్షించారు. పైపైన చూసినవాడికి ఏం అర్థమవుతుంది?

స్టిక్కరు, దాని కింద ఫోము, ఉత్తుత్తి లైట్లు ఒంపుల్ని దాస్తాయి. గాలి దారుల్ని మాత్రం మూయలేరు. మూస్తే రేడియేటర్ ఉడికిపోతుంది, టెస్టు లెక్కలూ తప్పుతాయి. అద్దం మీద గుండ్రటి పసుపు స్టిక్కర్ ఉందేమో వెతకండి. లోపల హైవోల్టేజి బ్యాటరీ ఉందని, ప్రమాదం జరిగితే కాపాడేవాళ్లకు తెలియడానికి అంటిస్తారు. పసుపు స్టిక్కరుతో పాటు వెనక సైలెన్సర్ గొట్టం కూడా కనిపిస్తే అది హైబ్రిడ్. మీ గ్రూపులో సగం గొడవ అక్కడే తీరుతుంది.

వీల్‌బేస్‌ని, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని, స్క్రీన్ మీదే కొలవచ్చు. కారు సరిగ్గా పక్కనుంచి కనిపించే చోట వీడియో ఆపి స్కేలు పెట్టండి. ముందు టైరును అడ్డంగా కొలవండి. నిలువుగా వద్దు, బరువుకి అడుగున నొక్కుకుని ఉంటుంది. రెండు చక్రాల నడిమధ్యల దూరాన్ని ఆ కొలతతో భాగించండి. 245/35 ఆర్20 టైరంటే వెడల్పు 245 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 35 శాతం, రిమ్ము 20 అంగుళాలు (508 మి.మీ.). దాని వ్యాసం 508 + (245 × 0.35 × 2), అంటే దాదాపు 680 మి.మీ. భాగిస్తే 3.9 వచ్చిందనుకోండి, వీల్‌బేస్ 2,650 మి.మీ. చిల్లర. లాఫెరారీది 2,650. అయితే 3.9కి బదులు 3.8 వచ్చిందంటే ఏకంగా 7 సెంటీమీటర్లు తేడా కొడుతుంది. అందుకే నాలుగైదు ఫ్రేముల్లో కొలిచి సగటు తీయండి. దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీసిన వీడియోకి ఈ లెక్క పనికిరాదు, దగ్గరున్న చక్రం ఉబ్బిపోతుంది.

ఇక చప్పుడు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఆర్‌పీఎంని (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లని) 120తో భాగించి సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే సెకనుకి ఎన్ని పేలుళ్లో తెలుస్తుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర వీ6కి 300, వీ8కి 400, వీ12కి 600 హెర్ట్జ్. చిక్కల్లా వీడియోలో ఆర్‌పీఎం కనిపించకపోవడమే. 8,000 తిరిగే వీ6 కూడా 400 దగ్గరే కూస్తుంది మరి! పైగా 100 కి.మీ. వేగంతో ఎదురొచ్చే కారు స్వరం 9 శాతం దాకా పెరుగుతుంది, మనల్ని దాటాక 7 శాతం పైచిలుకు పడిపోతుంది. చెవితో వీ12 అని తేల్చేవాళ్లని చూస్తే మాకు నవ్వొస్తుంది. ఫెరారీ వాళ్ల ఎంజో, లాఫెరారీ రెండూ వీ12లే కదా అని తర్వాతిదీ అదేనని లెక్కేసుకున్నవాళ్లకి 2024లో ఎఫ్80 వచ్చి ఏం చూపించింది? 3 లీటర్ల టర్బో వీ6, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, మొత్తం 1,200 హార్స్‌పవర్.

ప్రశ్న: కాజా టోల్‌ప్లాజా దగ్గర గళ్ల స్టిక్కర్ల కారు చూశాను. సూపర్‌కారేనా?
– మంగళగిరి పాఠకుడు

జవాబు: కారు పైకప్పు మీ ఛాతీ దాటిందా? దాటితే కాదు. లాఫెరారీ మొత్తం ఎత్తే 1,116 మి.మీ. మన 16వ నంబరు హైవే చెన్నై నుంచే వస్తుంది. అక్కడ హ్యుందాయ్, రెనో ఫ్యాక్టరీలున్నాయి, ఇటు పెనుకొండలో కియా ఉంది. మీరు చూసింది రాబోయే ఏ ఎస్‌యూవీనో అయి ఉంటుంది. పూర్తి వేగం పరీక్షలు మామూలు రోడ్డు మీద చేయరు. వాటికి ఇందోర్ దగ్గర పీతంపూర్‌లో 11.3 కి.మీ. హైస్పీడ్ ట్రాక్ ఉంది.

ప్రశ్న: మా హ్యాచ్‌బ్యాక్‌కి అలాంటి చారల స్టిక్కరే వేయించాలని మా తమ్ముడి పట్టు. ఆటోనగర్‌లో వేయించవచ్చా?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: వేయించవచ్చు. 1.52 మీటర్ల వెడల్పు రోల్ 15 నుంచి 18 మీటర్లు పడుతుంది. ‘కాస్ట్’ ఫిల్మ్ అడిగి మరీ వేయించండి. చవగ్గా దొరికే ‘క్యాలెండర్డ్’ ఫిల్మ్ మన ఎండకి కుంచించుకుపోయి అంచుల దగ్గర లేస్తుంది. ముందు పోయేవి బానెట్, పైకప్పు. అతికించాక అంచుల్ని హీట్‌గన్‌తో మళ్లీ వేడి చేశారో లేదో దగ్గరుండి చూసుకోండి, చాలామంది ఎగ్గొట్టే పని అదే.

ఆర్‌సీలో ఒక రంగు, రోడ్డు మీద ఇంకో రంగు అయితే ఆపుతారు. ముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి. లైట్లు, నంబర్ ప్లేటు, అద్దాల జోలికి పోవద్దు. అద్దాలకు ఫిల్మ్ వద్దని 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈమధ్యే డెంటింగ్ చేయించి పెయింట్ కొట్టించిన డోరు ఏదైనా ఉంటే కనీసం నెల ఆగండి. లేదంటే స్టిక్కర్ పీకిన రోజున పెయింటూ దాంతోపాటే ఊడి వస్తుంది.